వేరుశనగ నూనె కథలో నేను చేసిన తప్పు

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆమధ్య ఒక వీడియోలో, రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్ కనిపెట్టిందే వేరుశనగ నూనె కోసమని, తర్వాత ఆయిల్ కంపెనీలు తొక్కేశాయని గట్టిగా చెప్పేశాను. బీటెక్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు డెన్మార్క్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. చెత్త నుంచి ఓడలకి ఇంధనం తీయడం వాడి టాపిక్. ఆ వీడియో చూసి ఒక్కటే మెసేజ్: "ఎక్కడ చదివావురా ఇది?"

వాట్సాప్‌లో. ఇంకెక్కడ!

అసలు జరిగింది వేరు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఓట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతో నడిపింది. నడపమని అడిగింది ఫ్రెంచి ప్రభుత్వం. ఆఫ్రికాలో వాళ్ల వలసల్లో వేరుశనగ దండిగా పండేది, బయటినుంచి బొగ్గు మోసుకెళ్లే బాధ తప్పుతుందని లెక్క. అంటే ఇది పర్యావరణం కథ కాదు, వలస రాజ్యం కథ. ఇంజిన్ తయారైంది పెట్రోలియం కోసమే. ఏ మార్పూ లేకుండా నూనెతో కూడా నడిచేసరికి, చూసినవాళ్లలో చాలామందికి తేడాయే తెలీలేదు. ఇదంతా 1912లో స్వయంగా డీజిలే చెప్పాడు.

అదే ఏడాది ఫిబ్రవరిలో సెలాండియా అనే ఓడ కోపెన్‌హేగెన్ నుంచి బ్యాంకాక్‌కి బయల్దేరింది. సముద్రాలు దాటిన తొలి పెద్ద డీజిల్ ఓడల్లో అదొకటి. మామూలు పొగగొట్టమే లేదు! లండన్‌లో ఆగితే, అప్పటి బ్రిటిష్ నౌకాదళ మంత్రి చర్చిల్ ఎక్కి చూశాడు. పారలతో బొగ్గు ఎత్తిపోసే మనుషులు ఇక అక్కర్లేదు.

కానీ తర్వాత ఓడలకి దక్కింది మంచి నూనె కాదు. రిఫైనరీలో పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసేశాక అడుగున మిగిలే మడ్డి. తారులా ఉంటుంది, 100 డిగ్రీలు దాటించి వేడిచేస్తేగానీ ఇంజిన్‌లోకి పోదు. అందులో గంధకం 3.5 శాతం దాకా ఉన్నా ఊరుకునేవాళ్లు. 2020 జనవరి 1 నుంచి ఆ పరిమితి 0.5కి దిగింది.

అందుకే మావాడు అంటాడు, ఓడ ఎప్పట్నుంచో చెత్తే తింటోంది, నేను వేరే చెత్త పెడుతున్నానంతే అని. వాడిది ప్రెషర్ కుక్కర్ లాంటి పద్ధతే. కాకపోతే 300 డిగ్రీలు దాటిన వేడి, కుక్కర్ కంటే కొన్ని పదుల రెట్ల ఒత్తిడి. పేడ, మురుగు బురద లాంటివాటిని ఎండబెట్టక్కర్లేదు, తడిగానే వేయొచ్చు. భూమి లక్షల ఏళ్లలో చేసే పని నిమిషాల్లో అయిపోతుంది, నల్లటి నూనె వస్తుంది.

ఇక్కడే చిక్కు. ఆ నూనెలో ఆక్సిజన్ ఎక్కువ. నిల్వ ఉంచితే చిక్కబడుతుంది, మామూలు ఓడ ఇంధనంతో సరిగ్గా కలవదు. ఆక్సిజన్ తీసేయాలంటే హైడ్రోజన్ కావాలి, అది ఖరీదు. పైగా అదే చెత్త కోసం విమానాల ఇంధనం వాళ్లూ కాచుకుని ఉన్నారు. అందుకే "చెత్తతో ఓడలు నడిచేస్తాయి" అని థంబ్‌నెయిల్ పెట్టలేను.

నిన్న ఫోన్ చేస్తే ఒక ఫొటో పంపాడు. గాజు సీసాలో పైన పల్చటి ఇంధనం, అడుగున గడ్డకట్టిన నల్లటి ముద్ద. మూడు నెలల పని అట. "రేపు మళ్లీ మొదలెడతా" అన్నాడు.

నా పాత వీడియో డిలీట్ చేయలేదు. కింద పిన్ చేసిన కామెంట్‌లో తప్పు సరిదిద్దాను, చూడండి.