మన కొత్తగూడెం రేడియో

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, నేను మన జిల్లా రేడియో గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తెలుగు ప్రసారాలు 1938లో మద్రాసు కేంద్రం నుండి మొదలైనాయి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. మన వాళ్ళు ఏళ్ళ తరబడి ఈ రెండు కేంద్రాలనే విన్నారు. శ్రీరామనవమినాడు ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వింటూ ఇంట్లోనే భద్రాద్రి కల్యాణం చూసినంత తృప్తి పడినవారు మనలో ఎందరో!

అయితే ఆ కేంద్రాలు రాష్ట్రమంతటికీ చెప్పాలి. మన వాగుల సంగతి చెప్పే తీరిక వాటికెక్కడిది? 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. నేనప్పుడు రెవిన్యూలో గుమాస్తాను, పునరావాస శిబిరంలో పేర్లు రాసే పని. మా ఇంటివాళ్ళు దిగువన ఒక పల్లెలో ఉన్నారు. గోదావరికి వరద వచ్చిందని రేడియో చెప్పింది నిజమే. ఏ రోడ్డు తెగింది, ఏ బడిలో అన్నం పెడుతున్నారు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు వాళ్ళ జాడ నాకు, నా జాడ వాళ్ళకు తెలియలేదు. నాలుగోనాడు మా ఆవిడ పిల్లలతో గుట్ట మీద క్షేమంగా ఉన్నదని కబురొచ్చింది. ఆ మూడు రాత్రులు నేటికీ మరువలేను.

ఒక జిల్లాకు, దాని చుట్టుపక్కలకు మాత్రమే ప్రసారం చేసే స్థానిక కేంద్రాలు మన దేశంలో 1984లో నాగర్‌కోయిల్‌తో మొదలైనాయి. మన రాష్ట్రంలో ఆదిలాబాదు తరువాత, 1989లో కొత్తగూడెం కేంద్రం వచ్చింది. ఇది ఎఫ్.ఎం. కేంద్రం. మాట గరగర లేకుండా స్పష్టంగా వినపడుతుంది, కాని కొండలు అడ్డొస్తే అందదు. పైగా ఇళ్ళలోని పాత సెట్లు చాలావాటికి ఎఫ్.ఎం. బ్యాండే లేదు! మాకూ కొత్త సెట్టు కొనక తప్పలేదు. బొగ్గుబావి కార్మికుడు, పోడు రైతు, కోయ ఆడపడుచు తమ యాసలో మాట్లాడితే రేడియోలో రావడం అప్పట్లో మాకొక వింత.

2014లో భద్రాచలం చుట్టూ కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో కొత్తగూడెం వేరే జిల్లా అయింది. కాగితం మీద సరిహద్దులు మారినా గాలిలో మాటకు సరిహద్దు లేదు.

2022 జూలైలో గోదావరి మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. కరెంటు పోయి మనవడి సెల్‌ఫోను చల్లబడింది. రెండు బ్యాటరీల చిన్న రేడియో మాత్రం ఆ రాత్రి పలికింది. మా ఆవిడ ఏమీ అనలేదు, దానిని తెచ్చి నా పక్కన పెట్టింది.

కావున మిత్రులకు నా మనవి: 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది – ఈ మూడు అంకెలు పిల్లలకు నేర్పండి. జూన్ రాగానే రేడియోలో కొత్త బ్యాటరీలు వేసి ఉంచండి. ఆ కేంద్రంతో మీకున్న అనుబంధం ఏదైనా ఉంటే వచ్చే సంచికకు రాసి పంపండి. మనం పోయేలోగా రాసి పెడితేనే అది చరిత్ర అవుతుంది.