చిలకలపూడి నగ వెనక ఇళ్లు

గుడివాడ నుంచి బందరు (మచిలీపట్నం) వచ్చే రైలు ఆఖరి స్టేషనుకు కాస్త ముందు చిలకలపూడిలో ఆగుతుంది. కార్తీక మాసంలో అయితే పెట్టెల్లో కాలు పెట్టే చోటుండదు. పాండురంగ స్వామి దర్శనం, మంగినపూడి దగ్గర సముద్ర స్నానం అయ్యాక జనం ఊరికే వెళ్లరు. ఆడపిల్లకు ఒక జత కమ్మలో, ఇల్లాలికి నల్లపూసల గొలుసో, ఏదో ఒకటి కొనుక్కునే బండెక్కుతారు. భక్త నరసింహం 1929లో ప్రతిష్ఠ చేయించిన ఆ గుడి ఒకటి, గిల్టు నగ ఒకటి. కృష్ణా జిల్లా దాటితే చిలకలపూడి పేరు తెలిసింది ఈ రెండిటి వల్లే.

గుడి కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు. బందరు చరిత్ర అనగానే గోల్కొండ సుల్తానుల రేవు, 1611లో ఇంగ్లీషువాళ్లు పెట్టిన వర్తక స్థావరం, 1864 నవంబరు 1 రాత్రి ముప్పై వేల మందిని మింగిన ఉప్పెన, 1923లో పట్టాభి సీతారామయ్య గారు మొదలుపెట్టిన ఆంధ్రా బ్యాంకు వరసగా వస్తాయి. అన్నీ నిజమే, అన్నీ రాయదగినవే. అయితే ఈ ఊళ్లో దాదాపు వందేళ్లుగా పొయ్యి వెలిగిస్తున్న గిల్టు నగల పని గురించి చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలు దొరికితే గొప్ప. ఎందుకంటే ఆ పని జరిగింది కోటలోనో, ఓడలోనో కాదు. వసారాలో, వంటింటి గడప పక్కన జరిగింది.

ఆ నగల్లో గుచ్చే పూసలు అసలు ఈ కృష్ణా డెల్టాకు కొత్త కాదు. కృష్ణ అవతలి ఒడ్డున భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి కరండాలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, పూసలు. బుద్ధుడి ధాతువుల పక్కన పెట్టదగినంత విలువైన వస్తువుగా పూసను ఎంచిన మనుషులు రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడ ఉన్నారు. బందరుకు దగ్గర్లోని ఘంటసాల రేవును గ్రీకు భూగోళ రచయిత టాలెమీ క్రీ.శ. రెండో శతాబ్దంలో కంటకొస్సుల పేరుతో రాశాడు. అలాంటి రేవుల నుంచి బట్టలతో పాటు చిన్న చిన్న గాజు పూసలు కూడా సముద్రం దాటేవి. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి కొరియా వరకు తవ్వకాల్లో దొరికే ఆ రంగు పూసలకు పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు.

ఆ పూసను పాత పద్ధతిలో చేసిన ఊరు మన రాష్ట్రంలోనే ఉంది. శ్రీకాళహస్తి దగ్గర, ఇప్పటి తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట. పుదుచ్చేరి పక్కన అరికమేడులో తవ్వకాల్లో బయటపడిన పూసల పనికి ఈ ఊరి పనే వారసత్వమని ఫ్రాన్సిస్ నమ్మకం. ఆ పని చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. మట్టి కొలిమిలో కరిగిన గాజును లాడా అనే పొడుగాటి ఇనుప గొట్టం చివర ముద్దగా చుడతారు. ఆ ముద్దలో నడిమికి రంధ్రం పడేలా చూసుకుని, దాన్ని మళ్లీ కొలిమిలో ఉంచి, ఎదుటి వైపు నుంచి కొక్కెంతో పట్టి లాగుతారు. ముద్దలోని రంధ్రం తెగకుండా సాగి, సన్నటి గాజు గొట్టం గంటల తరబడి వస్తూనే ఉంటుంది. దాన్ని బారెడేసి పుల్లలుగా విరుస్తారు. పుల్లలను ఉలి మీద పెట్టి పూసంత ముక్కలుగా కొడతారు. ముక్కల అంచులు కోసుకుపోకుండా ఉండాలంటే మళ్లీ నిప్పు చూపాలి. అప్పుడు రంధ్రాలు మూసుకుపోకుండా వాటిని బూడిదలో కలిపి వేడి చేస్తారు. ఆ తర్వాత జల్లించడం, గుచ్చడం. కొలిమి దగ్గర మగవాళ్లు, గుచ్చే దగ్గర ఆడవాళ్లు. ఒక ఇంటి వాళ్లే చేసే పని కాదది, నాలుగిళ్లు కలిస్తేనే ఒక గొట్టం సాగుతుంది.

బందరులో గాజు కొలిమి లేదు. ఇక్కడ ఉన్నది ఆ పూస మెడలోకి చేరే దారి. నల్లపూస లేని తెలుగు ఇల్లాలి మెడ అరుదు కాబట్టి, ఆ దారి చిలకలపూడి గుండా పోయింది.

మొదట్లో గిల్టు నగ చేయడం కంసాలుల పని. కుంపటి, ఊదుగొట్టం, దాగలి, పట్టకారు, వెలిగారం అన్నీ బంగారప్పనిలోవే. బంగారం ఒక్కటే తక్కువ. రాగి కడ్డీకి పలచటి బంగారు రేకు చుట్టి, నిప్పులో పెట్టి, రెండూ ఒకదానికొకటి పట్టుకునేలా చేస్తారు. తర్వాత ఆ కడ్డీని కమ్మచ్చులో పెట్టి లాగుతారు. కమ్మచ్చంటే వరసగా సన్నబడుతూ పోయే కన్నాలున్న ఉక్కు పలక. పెద్ద కన్నంలోంచి లాగి, మళ్లీ కాల్చి మెత్తబరిచి, దాని పక్క కన్నంలోంచి లాగి, అలా దారమంత సన్నటి తీగ అయ్యే దాకా లాగుతూనే ఉంటారు. ఇందులో విశేషమంతా బంగారం గుణంలో ఉంది. లోపలి రాగి ఎంత సాగితే పైనున్న బంగారం కూడా అంత సాగుతుంది, ఎక్కడా చిట్లదు. కడ్డీ మీద ఎంత పాలు బంగారం ఉందో, తీగ మీదా అంతే పాలు ఉంటుంది. అదే రోల్డు గోల్డు. సముద్రం పక్క ఊరు కాబట్టి దానికి పరీక్ష పెట్టడానికి వేరే మనిషి అక్కర్లేదు. రేకు సరిగా అతక్కపోతే బందరు ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో చిలుము పైకొస్తుంది.

రేకు ఊడదనే నమ్మకాన్ని దేశమంతా అమ్మినవాళ్లు కూడా బందరువాళ్లే. 1950ల నాటి చందమామ సంచికలు ఇంట్లో ఉంటే తీసి చూడండి. ఉమా గోల్డ్ కవరింగ్ వర్క్స్, ఉమామహల్, మచిలీపట్నం అన్న ప్రకటన కనిపిస్తుంది. లోహం మీద అసలు బంగారు రేకు అతికించామనీ, కాదని రుజువు చేస్తే బహుమానం ఇస్తామనీ, నగను ఘాటైన ద్రావకంలో వేస్తే కాసేపటికి బంగారు రేకు విడిగా తేలుతుందనీ అందులో రాశారు. పదేళ్ల గ్యారంటీ, అడిగితే డిజైన్ల క్యాటలాగు ఉచితం. చిరునామాలో పోస్టాఫీసు పేరు కూడా ఆ వర్క్స్ పేరే! ఒక గిల్టు నగల సంస్థ పేరు మీద పోస్టాఫీసు నడిచిందంటే రోజుకు ఎన్ని పొట్లాలు వి.పి.పి.లో పోయేవో ఊహించుకోవచ్చు. తపాలా బంట్రోతు చేతికి డబ్బిచ్చి పొట్లం తీసుకునే రోజుల్లో, మనిషి ముఖం చూడకుండా బేరం జరగాలంటే సరుకే మాట్లాడాలి.

1963 జనవరిలో కేంద్రం బంగారం నియంత్రణ తెచ్చింది. చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకం కరువైన రోజులవి. పద్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో నగ చేయకూడదన్నారు. దేశమంతటా కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. చివరికి 1990లో గానీ బంగారం నియంత్రణ పూర్తిగా తొలగిపోలేదు. ఆ దెబ్బ తిన్న చేతులకు రాగి, ఇత్తడి మీద పని చేసుకునే వీలుండటం ఎంత ఆసరానో బందరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చరిత్రకారులు ఈ కోణాన్ని ఇంకా లోతుగా చూడాలి.

క్రమంగా రేకు చుట్టే పని తగ్గి కరెంటు మలాము (ఎలక్ట్రోప్లేటింగ్) వచ్చింది. దాంతో పని ముక్కలైంది, ముక్కలైనకొద్దీ ఇళ్లలోకి పాకింది. ఒకరింట్లో తీగ లాగుతారు, ఒకరింట్లో అచ్చు కొడతారు, ఇంకొకరింట్లో అతుకు వేస్తారు, వేరే చోట రాళ్లు పొదుగుతారు. కులం అడ్డు కూడా పోయింది. ఇవాళ ఈ పనిలో ఉన్నవాళ్లలో ఆడవాళ్ల పాలు చాలా పెద్దది. ఒక కమ్మల జత కొట్లో అద్దాల బీరువాలోకి చేరేలోపు అరడజను గడపలు దాటి వస్తుంది.

నల్లపూసల గొలుసు అల్లే ఇల్లు చూడాలి. మధ్యాహ్నం వంట, గిన్నెలు అయ్యాక గుమ్మం పక్కన వెలుతురు చూసుకుని కూర్చుంటారు. పళ్లెంలో తెల్లగుడ్డ పరచి, దాని మీద పూసలు పోస్తారు. గుడ్డ లేకపోతే పూస దొర్లిపోతుంది, నల్లటి పూస నల్లటి గచ్చు మీద పడితే ఇక దొరకదు. తీగ ముక్క చివర పట్టకారుతో చిన్న కొక్కెం తిప్పి, పూస ఎక్కించి, రెండో చివర మళ్లీ తిప్పి, ముందున్న కొక్కేనికి తగిలిస్తారు. రెండు కొక్కేలూ ఒకే వైపు తిరగాలి, లేదంటే గొలుసు మెడ మీద మెలి పడుతుంది. గాజు పూస ఊదుగొట్టం మంటకు ఆగదు, ఠప్పున పగులుతుంది. అందుకని అతుకు పనంతా ముందే ముగించి, పూసను ఆఖర్న ఎక్కిస్తారు. అంటే ముందు చేతుల్లో ఎవరు ఆలస్యం చేసినా, ఆ బరువంతా పడేది చివర కూర్చున్న ఈ ఆడవాళ్ల మీదే. పెళ్లిళ్ల సీజనులో రాత్రి కూడా దీపం కింద పళ్లెం తీయరు. బడి నుంచి వచ్చిన పిల్లలు పూసల్లో పగుళ్లున్నవి ఏరి పక్కన పెడతారు. నలభై దాటి చత్వారం వచ్చిన తల్లికి సూది కంటే సన్నటి రంధ్రం కనపడదు, కూతురు అందుకుంటుంది. కూలి డజనుకింత అని. అత్తాకోడళ్లు కలిసి అల్లినా లెక్క ఒకరి పేరు మీదే ఉంటుంది, చాలాసార్లు ఆ పేరు మగవాడిది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇళ్లలో జరిగే పనులన్నీ ఒకటే కాదు. పూస అల్లకం ఇంట్లో ఉండొచ్చు, మలాము ఉండకూడదు. బంగారు మలాముకు వాడే సైనైడ్ లవణాలు ప్రాణాంతకం. శుభ్రం చేసే యాసిడ్ ఆవిరి ఊపిరితిత్తులను తింటుంది. ఆ నీళ్లు డ్రైనులో కలిస్తే, డ్రైను పోయి చేరేది మన చెరువులకూ, మడ అడవులకూ, రొయ్యల గుంటలకే. ఊరి బయట పోతేపల్లిలో ఇమిటేషన్ జ్యువెలరీ పార్కు పెట్టడం అందుకే మంచి పని. యూనిట్లన్నీ ఒకచోట ఉంటే మురుగు శుద్ధి చేయొచ్చు, కరెంటు రాయితీ కోసం ఒక్క గొంతుతో అడగొచ్చు. కానీ చంటిపిల్ల తల్లి రోజూ పోతేపల్లి వెళ్లి రాలేదు. పార్కు వచ్చింది కదా అని ఇంటి అల్లకాన్ని లెక్కలోంచి తీసేస్తే, ఈ పరిశ్రమ నిలబడ్డ చేతులనే వదిలేసినట్టు. ఆ ఆడవాళ్లకు పనివాళ్లుగా గుర్తింపు కార్డు, కళ్ల పరీక్ష, సొంత పేరు మీద కూలి లెక్క ఉండాలి. ఇవేమీ అంత పెద్ద కోరికలు కావు.

రాజ్‌కోట్ నుంచీ, ముంబై నుంచీ వచ్చే యంత్రపు సరుకుతో పోటీ గట్టిగానే ఉంది. బంగారం ధర పెరిగినప్పుడల్లా గిల్టు నగకు గిరాకీ పెరుగుతుంది, దానితో పాటే మలాముకు వాడే బంగారు లవణం ధరా పెరుగుతుంది. లాభం అనుకున్నది అక్కడికక్కడే చెల్లు. అయినా వన్ గ్రామ్ గోల్డ్ అని బెజవాడ వన్‌టౌన్‌లో అడిగినా, హైదరాబాదులో అడిగినా, బందరు సరుకే కావాలనే కొనుగోలుదారులు ఇంకా ఉన్నారు.

బందరులో, చిలకలపూడిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఈ పని చేసిన ఇళ్లవాళ్లకు ఒక విన్నపం. అటక మీద పాత కమ్మచ్చు, అచ్చులు, క్యాటలాగులు, వి.పి.పి. రసీదులు, కూలి లెక్కల నోటుబుక్కులు ఉంటే పాత ఇనుము వాళ్లకూ, కాగితాల వాళ్లకూ వేయకండి. మీ అమ్మమ్మ ఏ సంవత్సరంలో పూసలు గుచ్చడం మొదలుపెట్టిందో, డజనుకు ఎంత ఇచ్చేవారో, అణాల్లో అయితే అణాల్లోనే, ఆమెను అడిగి ఒక కాగితం మీద రాయండి. అడగగలిగిన వాళ్లు ఉన్నప్పుడే అడగండి. కాగితం మీద తేదీ వేసి, ఆమె పేరు పూర్తిగా రాయండి.