విడిది ఎంత దూరం?

సంబంధం కుదరడమే కష్టమనుకునేవాళ్ళం ఒకప్పుడు. ఇప్పుడు సంబంధం కుదిరాక మొదలవుతోంది అసలు కష్టం. పెళ్ళెక్కడ చెయ్యాలి? హైదరాబాదు వాళ్ళకి ఊళ్ళో హాలు మొహం మొత్తింది. మొయినాబాదు, శంషాబాదు, శామీర్‌పేట, కీసర... ఎటు వెళ్ళినా తోటలు, ఫారం హౌసులు, కన్వెన్షన్లు. "పల్లెటూరి వాతావరణంలో పెళ్ళి పిన్నీ!" అంటూ పిల్లలు మురిసిపోతుంటే నాకు నవ్వొస్తుంది. మన అమ్మమ్మల కాలంలో పల్లెటూళ్ళో కాక మరెక్కడ జరిగాయి గనక పెళ్ళిళ్ళు?

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలేనా చెప్పండి! పెళ్ళిపందిరి ఎప్పుడెప్పుడు, ఎందుకెందుకు మకాం మార్చిందో చెప్పుకున్నా చరిత్రే. ఆ మాటకొస్తే మన ఆడవాళ్ళకి ఈ చరిత్రే దగ్గర చుట్టం.

పూర్వం పెళ్ళెక్కడ అన్న ప్రశ్నే లేదు. ఆడపిల్ల పుట్టింట్లోనే. మా అమ్మ పెళ్ళి అయిదు రోజులు జరిగిందట. ఇల్లు చూస్తే నాలుగు గదులు. చుట్టాలు రెండొందలమంది. ఎక్కడ పడుకున్నారే అని అడిగితే, "ఊరంతా పడుకున్నారే" అనేది. మగపెళ్ళివారి విడిది ఎదురింటివాళ్ళది. మగవాళ్ళ పడకలు వీధి అరుగుల మీద. గంగాళాలు ఒకరివి, జంపఖానాలు మరొకరివి. మజ్జిగ ఏ ఇంటి నుంచి వచ్చిందో లెక్కే లేదు. తాటాకులు కొట్టించి తెచ్చి పందిరి వేసినవాళ్ళకి కూలి కంటే భోజనమే ముఖ్యం. అంటే ఊరు ఊరంతా కల్యాణమండపమే అన్నమాట. పెళ్ళికి కావలసిన చోటు ఇరుగూపొరుగూ ఇచ్చేవారు.

అలాగని అదంతా స్వర్ణయుగమని నేననను. ఇచ్చిన ఊరే కాదనడమూ ఎరుగును. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది తన ఇంట్లోనే. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రామన్నారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు కొంగు బిగించి, గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివంట స్వయంగా చేశారు. పంతులుగారి పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ బిందెల బరువు మాత్రం మనబోటి వాళ్ళకే తెలియాలి. ఊరు మొహం తిప్పేసినప్పుడు ఆ ఇంటిని పెళ్ళిచోటుగా నిలబెట్టింది ఆవిడ రెక్కల కష్టమే.

ఇక దూరం సంగతి. ఎడ్లబండి ఒక రాత్రిలో ఎంత దూరం వెళ్తే పెళ్ళివారి ఊరు అంత దూరం. ఆ తరవాత బస్సులొచ్చాయి. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ సర్వీసు మొదలైంది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. పెళ్ళిబస్సు గుర్తుందా మీకు? ముందు అద్దానికి మామిడాకులు కట్టి, బాజాభజంత్రీల వాళ్ళని వెనక సీట్లో కూర్చోబెట్టి, పేకాట బాబాయిలనీ, చంటిపిల్లల తల్లుల్నీ, వాంతులయ్యే మేనత్తనీ అందరినీ ఒక్కచోట కుక్కి తీసుకెళ్ళేవారు. ఇబ్బందే, కాదనను. కాని ఆ బస్సులో డబ్బున్న చుట్టమూ, లేని చుట్టమూ ఒకేసారి దిగేవారు.

ఉద్యోగాలు పట్నాలకి లాక్కొచ్చాక ఇల్లు ఇరుకైంది. రెండు గదుల వాటాలో గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళ అనుమతి కావాలి, పందిరి రాట ఎక్కడ పాతుతాం? అలా పెళ్ళి సత్రానికి మారింది. తరవాత కల్యాణమండపాలు వచ్చాయి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు చాలా ఊళ్ళలో కట్టించారు. చోటుకి అద్దె కట్టడం మొదలయ్యాక అయిదు రోజుల పెళ్ళి మూడు రోజులై, ఒకటిన్నర రోజై, చివరికి "రేపు పొద్దున్న ఎనిమిదింటికల్లా ఖాళీ చెయ్యాలి" దగ్గర ఆగింది. అప్పగింతల్లో ఏడవడానికి కూడా గడియారం చూసుకోవాలి! ఒక్క మేలు మాత్రం జరిగింది. వంట కాంట్రాక్టు కిచ్చేశాక, కూతురి మెడలో తాళి పడుతుంటే పొయ్యిముందు కూర్చునే ఖర్మ తల్లికి తప్పింది.

మరి పందిరి మళ్ళీ పొలాల్లోకి ఎలా వెళ్ళింది? రోడ్డు తీసుకెళ్ళింది. 2008లో శంషాబాదులో విమానాశ్రయం తెరిచారు. ఆ ఏడే ఔటర్ రింగు రోడ్డులో మొదటి ముక్క కూడా తెరిచారు. అది పెరిగి పెరిగి 158 కిలోమీటర్ల వలయమైంది. దాని పక్కన జొన్నచేలు పచ్చికలయ్యాయి, పచ్చికల మీద మండపాలు లేచాయి.

పడమటి దిక్కున ఇంకో కథ ఉంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, విశ్వేశ్వరయ్యగారి సలహాతో రెండు జలాశయాలు కట్టారు. 1920లో గండిపేట ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదా ఆగింది, ఊరికి మంచినీళ్ళూ వచ్చాయి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత కూడా పుట్టింది. ఆ నీటిని కాపాడటానికే 1996లో 111 నంబరు జీవో ఇచ్చి, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో 69వ జీవోతో వాటిని సడలించారు. జీవో ఏదైనా, చెరువు పల్లంలోనే ఉంటుంది కదా! వెయ్యిమంది చేతులు కడిగిన నీళ్ళు, ఆ ఎంగిలి విస్తళ్ళు ఎటు పోతాయో అడిగి తెలుసుకోవడం అతిథిధర్మం కాకపోయినా ఆతిథ్యధర్మం.

ఈమధ్య మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి చోటు చూడటానికి నన్నూ తీసుకెళ్ళారు. ఒకచోట పచ్చిక, దీపాలు, కొలను చూసి పిల్ల మనసు పారేసుకుంది. మేనేజరు మూడొందల కార్లు పెట్టుకోవచ్చన్నాడు. "కారు లేనివాళ్ళు ఎలా వస్తారు నాయనా?" అన్నాను. "క్యాబులున్నాయి కదమ్మా!" అన్నాడు. ముహూర్తం రాత్రి రెండింటికి. నాకు వరసగా మనుషులు కళ్ళముందు మెదిలారు. పిల్లని ఎత్తుకుని పెంచిన పనిమనిషి సాయమ్మ, సంగీతం నేర్పిన టీచరుగారు, మోకాళ్ళ నొప్పుల మా ఆడబడుచు. శుభలేఖ వీళ్ళందరికీ ఇస్తాం. దూరం మాత్రం నోరెత్తకుండా వాళ్ళ పేర్లు కొట్టేస్తుంది.

2020లో కరోనా వచ్చి, పెళ్ళికి యాభైమందే అన్నప్పుడు ఎంత బాధపడ్డాం! సర్కారు కొట్టేస్తే బాధపడ్డ పేర్లని మనమే కొట్టేస్తే ఎలా?

పిల్లకి అదే చెప్పాను. మూతి ముడుచుకోలేదు, కాసేపు ఆలోచించింది. తోట మార్చలేదు గాని, పువ్వుల అలంకారం సగానికి తగ్గించి రెండు బస్సులు మాట్లాడించింది. పడుకునేందుకు పది మంచాలూ, మోకాళ్ళ వాళ్ళకి మండపం దగ్గర కుర్చీలూ అడిగి రాయించుకుంది. పాతకాలపు అరుగులు కొనలేం, ఆ పని చేసే ఏర్పాటు చేసుకోగలం.

కనక మీరూ తోట పెళ్ళి తలపెడితే తప్పకుండా చెయ్యండి. చెట్టు నీడన తలంబ్రాలు నాకూ ఇష్టమే. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం ఒక్క సాయంత్రం కారు ఇంట్లో పెట్టి, మీ ఇంట్లో అందరికంటే పెద్దావిణ్ణి వెంటబెట్టుకుని, బస్సులో అక్కడిదాకా వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగి రండి. ఆవిడ ఏమంటే అదే ఖాయం చెయ్యండి.