పిస్తోలు

ఈ మాటకు మూలం చెక్ భాషలోని ‘పీష్ట్యాలా’ అని ఎక్కువమంది నిఘంటుకారుల అభిప్రాయం. పీష్ట్యాలా అంటే ఈల, పిల్లనగ్రోవి. 15వ శతాబ్దంలో చెక్ గడ్డ మీద జరిగిన హుస్సైట్ యుద్ధాల నాటి చేతితుపాకికి ఆ పేరు పడింది. మన ‘తుపాకి’ సంగతీ అంతే, తుర్కీలో మొదట ఊదుడు గొట్టం!

సేకరించేవాళ్లు మోజుపడే ఉక్కు పిస్తోలు సీజెడ్ 75 కూడా చెక్ గడ్డ మీదే పుట్టింది. ఖాళీగానే దాదాపు కిలో బరువు. ఆస్ట్రియా సైన్యం 1980లలో తీసుకున్న గ్లాక్ 17 చట్రం పాలిమర్‌ది, సుమారు 630 గ్రాములే. దాన్ని ‘ప్లాస్టిక్ పిస్తోలు’ అనడం సగం నిజమే; గొట్టం, పైన జారే స్లైడు ఉక్కువే. పేల్చినప్పటి కుదుపును బరువైన ఉక్కు బాగా మింగుతుంది, నా ఓటు దానికే. సీజెడ్ 75ను చేసిన చెక్ కంపెనీ మాత్రం ఇప్పుడు పాలిమర్ చట్రంతో పి-10 కూడా తయారుచేస్తోంది.