బురాడీ దారిలో జార్జి చక్రవర్తి

ఢిల్లీ ఉత్తరపు అంచున ఉన్న బురాడీ పేరు జాతీయ వార్తల్లోకి తరచుగా రాదు. 2020 నవంబరులో మాత్రం వచ్చింది. సాగు చట్టాలకు వ్యతిరేకంగా రాజధానికి కదలివచ్చిన రైతులకు కేంద్రం చూపించిన నిరంకారీ మైదానం ఇక్కడిదే. అది బహిరంగ కారాగారమని రైతు నేతలు శంకించారు. అత్యధికులు సింఘూ, టిక్రీ సరిహద్దులను విడిచి రాలేదు. ఆ మైదానానికి సమీపంలోనే కొరొనేషన్ పార్కు ఉంది. పాలకులకు ప్రజలను దూరంగా కూర్చోబెట్టడానికి నేడు పనికివచ్చిన ఈ ప్రాంతం, ఒకనాడు రాజులందరినీ రప్పించి కూర్చోబెట్టడానికి పనికివచ్చింది.

1877, 1903, 1911 సంవత్సరాల ఢిల్లీ దర్బారులు మూడూ ఇక్కడే జరిగాయి. మూడవదానికి స్వయంగా హాజరైన అయిదవ జార్జి, డిసెంబరు 12న రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించాడు. బెంగాల్ విభజన రద్దయినదీ ఆనాడే. సంస్థానాధీశులలో తొలుత వందనం చేసినవాడు, నాలుగు నెలల క్రితమే గద్దెనెక్కిన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. బరోడా గైక్వాడ్ మాత్రం ఒక్కసారి తల వంచి, వెన్ను చూపి వెళ్లిపోయాడని సామ్రాజ్యవాదులు మండిపడ్డారు. నేటి ప్రోటోకాల్ వివాదాలను చూసి ఆశ్చర్యపడేవారు ఆ ఉదంతాన్ని గుర్తు చేసుకోవచ్చు.

దర్బారు జరిగిన చోట ఇప్పుడొక రాతి స్తంభం ఉంది. అది గుర్తుచేసేది 1911ను. తెలుగువారికి గుర్తుండవలసినది మాత్రం 1877.

ఆ ఏడాది జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించి, రోజుల తరబడి విందులు నడిపాడు. అదే వేళ మద్రాసు రాజధానిలో ధాత కరువు ప్రజలను కబళిస్తోంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. దర్బారు ముగిసిన నెలలోనే లిట్టన్ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చాడు. వచ్చినది ఖర్చు పెంచడానికి కాదు, తగ్గించడానికి. సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. అది ప్రాణం నిలిపే కూలి కాదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. 1876-78 మధ్య ఆ కరువులో మరణించినవారు 50 లక్షలకు పైనేనని అంచనాలు చెబుతున్నాయి. దర్బారు మైదానంలో వీరికొక రాయి లేదు. రాయలసీమలో మాత్రం ఎక్కడుంది?

పార్కులో మిగిలిన విగ్రహాల కథ వేరు. ఇండియా గేటు వద్ద ఛత్రం కింద 1936లో నిలబెట్టిన అయిదవ జార్జి విగ్రహాన్ని స్వతంత్ర భారతం రెండు దశాబ్దాల పాటు కదిలించలేదు. 1968లో గానీ అది బురాడీ దారి పట్టలేదు. హార్డింజ్ మొదలైన వైస్రాయిల విగ్రహాలూ ఇక్కడికే చేరాయి. కూలగొట్టలేదు, గౌరవించనూ లేదు. ఊరి చివరకు పంపారు. దీనిని కొందరు బానిస మనస్తత్వమంటారు. నాకది ఉద్రేకం లేని తీర్పుగానే కనిపిస్తుంది. బిడ్డలు బంతాట ఆడుకునే చోట చక్రవర్తి నిలబడి ఉండటానికి మించిన పరాభవం ఏముంది?

ఖాళీ ఛత్రం కింద ఎవరిని నిలపాలన్న ప్రశ్న అర్ధ శతాబ్దం నలిగింది. 2022 సెప్టెంబరు 8న అక్కడ నేతాజీ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 28 అడుగుల ఆ విగ్రహానికి వాడిన 280 టన్నుల నల్లరాయి మన ఖమ్మం నుంచి, 140 చక్రాల వాహనంపై 1,665 కిలోమీటర్లు ప్రయాణించి ఢిల్లీ చేరింది. బురాడీ పార్కులో విగ్రహాలు లేని పీఠాలు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి.