కజిన్

కజిన్: తల్లి తోబుట్టువుల పిల్లలకూ, తండ్రి తోబుట్టువుల పిల్లలకూ ఇంగ్లీషులో ఉన్న ఉమ్మడి పేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకున్న కుటుంబాల్లో ఈ మాట వినిపిస్తుంది. ఇంట్లో పిలుపులు మాత్రం వరసల ప్రకారమే సాగుతాయి.

పుట్టుక

దీని మూలం లాటిన్ 'కాన్‌సోబ్రినుస్'. మొదట్లో తల్లి అప్పచెల్లెళ్ళ బిడ్డలనే అలా అనేవారు. తండ్రి అన్నదమ్ముల బిడ్డలు 'పాత్రుయేలిస్', మేనత్త బిడ్డలు 'అమితినుస్'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరేసరికి ఈ తేడాలు చెరిగిపోయాయి. షేక్‌స్పియర్ కాలంలో దూరపు చుట్టాలనూ కజిన్ అనేవారు.

తెలుగు వరసలు

పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ళు. వారి మధ్య పెళ్ళి మాటే రాదు. మేనమామ, మేనత్త పిల్లలు బావ, బావమరిది, వదిన, మరదలు. వీరి మధ్య పెళ్ళి మేనరికం. బావామరదళ్ళ పరాచికాలను పెద్దలు తప్పుపట్టకపోవడానికి కారణం ఇదే. దక్షిణాదివారు మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్ళాడతారని బౌధాయన ధర్మసూత్రం ప్రత్యేకంగా పేర్కొంది. 1871లో అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ ప్రపంచ బంధుత్వ పట్టికల్లో తెలుగు, తమిళ వరసలనూ చేర్చాడు.

మేనరికపు పద్ధతికి ఉత్తరపు అంచు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దగ్గరే. ఒడియాలో మేనమామ కొడుకు కూడా 'మాము పుఅ భాయి', అంటే అన్నో తమ్ముడో; అక్కడి చాలా కులాల్లో మేనరికం ఆచారం కాదు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం కూడా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. సరిహద్దు ఊళ్ళలో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి.

వాడుక

విజయనగరంలో 1857లో మొదలైన మహారాజా పాఠశాల 1879లో కాలేజీ అయింది. ఇలాంటి చోట్ల ఇంగ్లీషు చదువుతో పాటు ఇంగ్లీషు చుట్టరికాల పేర్లూ పరిచయమయ్యాయి. ఒక్క 'కజిన్' అంటే ఆడో మగో తెలియదు కనుక 'కజిన్ బ్రదర్', 'కజిన్ సిస్టర్' అనే జంటమాటలు భారతీయ ఇంగ్లీషులో స్థిరపడ్డాయి. పిన్ని కొడుకును ఇలా చెబితే ఇబ్బంది లేదు. మేనమామ కూతురిని 'కజిన్ సిస్టర్' అంటే పెళ్ళి వరస కాస్తా చెల్లెలి వరస అయిపోతుంది. అందుకే ఆఫీసులో, కాలేజీలో కజిన్ అని పరిచయం చేసినా, సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు అడిగేది 'వరసేమిటి?' అనే.

చట్టం, వైద్యం

1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ళ పిల్లలనూ, అన్నదమ్ముల పిల్లలనూ, అప్పచెల్లెళ్ళ పిల్లలనూ ఒకే నిషేధంలోకి తెచ్చింది. ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మేనరికాలు చెల్లుతున్నది ఆ మినహాయింపుతోనే. జన్యుశాస్త్రానికీ వరస భేదం లేదు: బావామరదళ్ళయినా, పిన్ని పిల్లలయినా సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. పుట్టే బిడ్డలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పు పెరుగుతుంది కనుక, గర్భిణిని పరీక్షించేటప్పుడు డాక్టర్లు 'మేనరికమా?' అని అడిగి రాసుకుంటారు.