పుదుచ్చేరి చిన్న పడవ: చేర్పుల చరిత్ర

పుదుచ్చేరి రేవుపట్టణమని పేరు పొందినది. కాని ప్రకృతి ఆ పట్టణమునకు రేవు నొసగలేదు. కొండ అండ గాని, లోతైన అఖాతము గాని అచట లేదు. తీరము పొడుగునను ఇసుక. ఆ ఇసుక కెదురుగా ఏడాది పొడుగునను విరిగిపడు కరళ్లు. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక దూరముగా లంగరు వేసి నిలుచుచుండెడివి. సరకైనను, సైనికుడైనను, ఉత్తరమైనను ఆ ఓడనుండి నేలపైకి రావలెనన్నచో నడుమ నున్న కరళ్లను చిన్న పడవపై దాటవలసినదే. గవర్నరుల పేర్లు, కోటల ముట్టడులు చరిత్రగ్రంథములలో విరివిగా కానవచ్చును. ఆ పడవకు ఎప్పుడు ఏమి చేర్చిరి, ఎందులకు చేర్చిరి, చేర్చినదానికి ఎవరేమి చెల్లించిరి అను సంగతి మాత్రము అరుదుగా చెప్పబడినది.

పడవకు చేర్చిన ఉపకరణములు చిన్నవిగనే కన్పట్టును: ఒక త్రాడు, ఒక తెడ్డు, ఒక యంత్రము, ఒక మంచుపెట్టె. కాని వాని వరుసను పరిశీలించినచో, ఒడ్డుకరడునకు లోబడి చేసిన చేర్పు కరడు దాటి నిలిచినదనియు, కరడును తప్పించుకొనుటకై చేసిన చేర్పు మరియొక చోట మూల్యమును అడిగినదనియు తెలియును.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన ఎర్రసముద్ర యాత్రాగ్రంథము తూర్పుతీరపు రేవులలో పొదూకె అను దానిని పేర్కొన్నది. పండితులు పలువురు దానిని పుదుచ్చేరి ప్రాంతముగా గుర్తించిరి. పట్టణమునకు దక్షిణమున అరియాంకుప్పం ఏటి యొడ్డున నున్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలరును, 1947 మొదలు 1950 వరకు కజాలును జరిపిన త్రవ్వకములలో మధ్యధరా దేశపు మట్టిపాత్రలు బయల్పడి ఆ గుర్తింపునకు బలము చేకూర్చినవి. ఆ గ్రంథకర్త ఈ తీరపు నావలను గూర్చి చెప్పుచు, దుంగలను జతపరచి కట్టిన పెద్ద నావలకు సంగర అను పేరు కలదని తెలిపినాడు. తరువాతి శతాబ్దమున శాతవాహన రాజులు, ముఖ్యముగా యజ్ఞశ్రీ శాతకర్ణి, వెలువరించిన నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ కలదు. స్తంభముల ఓడ దూరదేశముల కేగునది. దుంగల నావ ఒడ్డును ఎరిగినది. ఈ రెంటి పొత్తు అంత పాతది.

పుదుచ్చేరి ఒడ్డున ఇటీవలి కాలము వరకు ప్రధానముగా నిలిచినవి రెండు నావలు. ఒకటి కట్టుమరము, తెలుగుతీరమున దీనినే తెప్ప యందురు. మూడు మొదలు ఏడు వరకు తేలిక దుంగలను పీచుత్రాళ్లతో బిగించి కట్టుదురు. దానికి అంచులు లేవు, గర్భము లేదు. నీరు ఎక్కినచో దిగిపోవును, గనుక మునుగుట యన్నది లేదు. పని ముగిసిన పిదప కట్లు విప్పి దుంగలను ఎండబెట్టుదురు, ఏలయన నీరు పీల్చిన దుంగ బరువెక్కును. రెండవది మసూలా పడవ. ఫ్రెంచివారు దీనిని షెలాంగ్ అనిరి. ఎత్తైన ప్రక్కలు, చదునైన అడుగు గల ఈ పడవలో మేకు లేదు. లోపల వంపుకొయ్యల అస్థిపంజరము లేదు. పలకకు పలకను కొబ్బరిపీచు త్రాటితో కుట్టి, సందులలో గడ్డియో పీచో కూరుదురు. మేకులు కొట్టిన ఐరోపా పడవ కరడు దెబ్బకు బిగుసుకొని నిలిచి పగులును. కుట్టుపడవ ఆ దెబ్బకు వంగి, ఇసుకపై కూలబడి మరల తన రూపమునకు వచ్చును. కుట్ల వెంట నీరు ఊరుట దాని దోషము. నీరు తోడు పాత్రయు, తోడు మనిషియు అందులకై చేర్చబడిరి.

ఇక తెడ్లు. పొడవైన కఱ్ఱ కొనను గుండ్రని పలక కట్టిన తెడ్లతో పదిమందికి అటునిటుగా తోయువారు కూర్చుండగా, వెనుక సరంగు అంతకన్న పొడవైన తెడ్డును చుక్కానిగా పట్టి నిలుచును. కరళ్లు విరుగు చోటికి వెలుపల పడవను ఆపి, వచ్చు కరళ్లను లెక్కించి, ఒక పెద్ద కరడు గడచిన తరుణమున దాని వీపు వెంట పడవను తోలించుట అతని విద్య. ఇదే తీరమున మద్రాసులో మసూలా పడవల ప్రక్కన కట్టుమరములు తోడుగా నడచుచుండెడివి. పడవ బోర్లపడినచో మనుష్యులను ఎత్తుకొనుట వాని పని. కట్టుమరపు మనిషి తలపై ధరించు చాపటోపీలో ఉత్తరములను దాచి తడి తగులకుండ ఓడకు చేర్చెడివాడు. ఆ టోపీయు ఒక చేర్పే.

1674లో ఫ్రాంస్వా మార్తె పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీ స్థావరమును నెలకొల్పెను. 1693లో డచ్చివారు దానిని పట్టుకొని 1699లో తిరిగి ఇచ్చిరి. 1761లో ఆంగ్లేయులు పట్టణమును లొంగదీసి కోటను నేలమట్టము గావించిరి. జెండాలు మారిన కొలదియు మారనిది ఒడ్డుకరడు. అందుచేత ప్రతి జెండాకును ఆ కుట్టుపడవయే గతి అయినది. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళె 1736 మొదలు 1761 వరకు తమిళమున వ్రాసిన దినచర్యయందు ఓడల రాకపోకలు మరల మరల వచ్చును. వర్తకుడైన ఆయనకు సొంత ఓడయు ఉండెను. తెలుగువారికి ఆయన కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమునకు కృతిపతిగా సుపరిచితుడు. ఆ కృతిపతి సంపదకు ఆధారమైన వర్తకపు మూటలు తీరమును చేరినది పేరు లేని పడవవారి తెడ్లపైననే.

కరడును జయించుటకు కాక దాటివేయుటకు చేసిన తొలి పెద్ద యత్నము 1866 నాటి ఇనుప వారధి. అది ఒడ్డునుండి సముద్రములోనికి, కరళ్లు విరుగు చోటును దాటి చాచిన చేయి వంటిది. ఓడలు అప్పటికిని దూరముననే నిలిచినవి. కాని సరకు పడవ కరళ్లలోనికి రాక వారధి కొనయొద్దనే బరువు దించుకొనగలిగెను. సరంగు విద్యకు గిరాకి తగ్గుట అప్పుడు మొదలైనది. 1952 తుపాను ఆ వారధిని ధ్వంసము చేసెను. 1954 నవంబరు 1న పాలన భారతదేశము చేతికి వచ్చెను. 1962 ఆగస్టు 16న ఆ బదిలీ చట్టరీత్యా సంపూర్ణమయ్యెను. అదే 1962లో క్రొత్త వారధి ఏర్పడెను. దానిలోని ఒక భాగము 2022లో కూలెను. ఈ వారధుల విషయమున గమనింపదగిన సంగతి యొకటి కలదు. అవి స్తంభములపై నిలిచినవి గనుక వాని క్రిందుగా నీరును ఇసుకయు తమ దారిని తాము నడచినవి. అవి ఒడ్డును వాడుకొనినవే గాని దాని నడకను ఆపలేదు.

యంత్రము వచ్చిన కథ వేరు. భారత దేశమున చిన్న చేపల పడవకు యంత్రమును అమర్చు పని 1952లో కుదిరిన నార్వే ఒడంబడికతో ఊపందుకొని, 1953లో కేరళమందలి నీండకర ప్రాంతమున ప్రారంభమయ్యెను. అచట ఏటి మొగ కలదు. పడవ నిలుచుటకు చోటు కలదు. తూర్పుతీరమున పడవ రాత్రికి ఇసుకపైకి ఎక్కవలెను. అడుగున బిగించిన పంఖా ఇసుకలో గ్రుచ్చుకొని విరుగును. ఇది యంత్రశక్తికి సంబంధించిన చిక్కు కాదు, ఒడ్డునకు సంబంధించిన చిక్కు. 1979లో మద్రాసు కేంద్రముగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యవమున ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమము ఈ చిక్కునకే పరిష్కారము వెదకెను. యంత్రమును ఇరుసును ఒకే పెట్టెలో అమర్చి, ఒడ్డు సమీపించునపుడు మొత్తము పైకెత్తుటకు వీలగు పడవను ఆ నిపుణులు రూపొందించిరి. వెనుక తగిలించు యంత్రమును పైకి వంచవచ్చును. పొడవైన ఇరుసు గల చిన్న డీసెలు యంత్రమును చేతితోనే నీటినుండి ఎత్తవచ్చును. కాలక్రమమున కోరమండల తీరమంతట వ్యాపించినవి ఇట్టివే. సరంగు పొడుగు తెడ్డు చేసిన పనిని ఆ పొడుగు ఇరుసు చేయుచున్నదన్నచో తప్పు లేదు.

దుంగల స్థానమున గాజునార పడవ వచ్చినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సహాయ సంస్థలు ఈ తీరమున పంచినవానిలో అధికభాగము ఇట్టి పడవలే. అవి తేలికవి, వేగము గలవి, ఎండబెట్టనక్కరలేనివి. కాని దుంగ విరిగినచో జాలరి తన చేతితోనే మార్చుకొనెడివాడు. గాజునార చీలినచో దానికి తగిన రసాయనమును కొనవలెను. తెరచాప నాటి దినచర్యను గాలియే నిర్ణయించెడిది: వేకువను నేలనుండి వీచు గాలితో పోవుట, మధ్యాహ్నము సముద్రమునుండి వీచు గాలితో వచ్చుట. ఆ గాలికి వెల లేదు. యంత్రము జాలరిని గాలి గంటలనుండి విడిపించి నూనె వెలకు కట్టివేసినది. యంత్రమునకై అప్పు, అప్పునకై పట్టిన చేపను ఋణదాతకే అమ్మవలయునను కట్టుబాటు, ఆ కట్టుబాటు తీర్చుటకై మరింత దూరము పోవుట, దూరము పోవుటకై మరింత నూనె: ఈ వలయము ఈ తీరమున సామాన్యమైనది.

దూరము పోవువానికి మంచుపెట్టె కావలెను. ఒడ్డు కనబడనివానికి దారి చెప్పు సాధనము కావలెను. పూర్వము మంచి వేట చోటును గుర్తుంచుకొనుటకు ఒడ్డుపైని రెండు ఆనవాళ్లను, ఒక చెట్టును ఒక గోపురమునో, 1836లో వెలిగిన దీపస్తంభమునో, ఒకే వరుసలోనికి తెచ్చి చూచెడివారు. 2000 మే నెలలో అమెరికా తన ఉపగ్రహ సంకేతముల ఖచ్చితత్వమును సామాన్యులకును విడుదల చేసిన పిదప అరచేతి యంత్రము ఆ పనిని చేసినది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము సముద్రపు వేడిమిని, నీటి రంగును ఉపగ్రహముల ద్వారా పరిశీలించి, చేపలు చేరదగు ప్రాంతములను, కరళ్ల ఎత్తును ముందుగా తెలుపుచున్నది. తుపాను వార్త వేళకు అందుట యెన్నో ప్రాణములను కాపాడు విషయము. ఈ చేర్పు విలువను తక్కువ చేయరాదు. ఐనను తండ్రి కొడుకునకు సముద్రముపై చూపి నేర్పిన ఆనవాళ్ల వరుసలు నేర్పువారు లేక మరపునకు వచ్చుచున్నవి.

ఇన్ని చేర్పులు గల పడవ ఇసుకపైకి ఈడ్వరానిదగును. పెద్ద యంత్రపు పడవకు నిలుకడైన నీరు కావలెను. కావున అన్నిటికన్న పెద్దదగు చేర్పును పడవకు కాక తీరమునకే చేసిరి. 1989 నాటికి అరియాంకుప్పం ఏటి మొగయొద్ద, కరళ్లను ఆపు రాతిగోడలు సముద్రములోనికి కట్టబడినవి. పుదుచ్చేరికి ప్రకృతి ఈయని రేవు మనుష్యుని చేత లభించెను. ఏటి మొగ స్థిరపడినది. పడవలు కరళ్ల భయము లేక లోనికి వచ్చినవి.

అయితే ఈ తీరపు ఇసుక నిలుచునది కాదు, నడచునది. నైఋతి గాలుల నెలలలో అది ఉత్తరమునకును, ఈశాన్య ఋతుపవనకాలమున దక్షిణమునకును కదలును. ఏడాది మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే యెక్కువ. వారధి స్తంభముల నడుమ సాగిన ఆ నడకను రాతిగోడలు ఆపినవి. గోడలకు దక్షిణమున ఇసుక మేట వేసినది. ఉత్తరమున కరళ్లు ఎప్పటివలెనే ఇసుకను తీసికొనిపోయినవి. తెచ్చి పోయువాడు లేడు. పట్టణమునకు ఎదుట నున్న ఇసుకతిన్నె కరగిపోగా, వీధిని కాపాడుటకు బండరాళ్లు పోయవలసి వచ్చినది. రాళ్లు వీధిని కాచినవి గాని ఇసుకను తేలేదు. కోత ఉత్తరమునకు ప్రాకి కురుచ్చికుప్పం, వైత్తికుప్పం అను జాలరి వాడలను, వాని ఆవలి తమిళనాటి పల్లెలను తాకినది. రేవు యంత్రపు పడవకు ఇచ్చిన నిలుకడ, రేవు నెరుగని చిన్న పడవనుండి తీసికొనినది. వల ఆరబెట్టు చోటు, చేప ఎండబెట్టు చోటు, పడవ ఎక్కు చోటు, మూడును ఆ ఇసుకయే. చేప ఎండబెట్టి అమ్ముకొను స్త్రీల జీవనమునకును అదియే ఆధారము. వారు పడవ నెక్కరు గనుక పడవ చేర్పుల లెక్కలో వారి నష్టము చేరలేదు.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. విశాఖపట్టణమున 1933లో తెరవబడిన ఓడరేవునకు ఇసుక అడ్డుపడకుండ రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. ఇసుక ఆగిన పిదప ఉత్తరమున నున్న నగరపు తీరము కోతకు గురియైనది. నాటినుండి రేవులో త్రవ్విన ఇసుకను ఆ తీరమునకు పంపు పని జరుగుచు వచ్చినది. రేవు కట్టుట ఒకసారి పని, ఇసుకను దాటించుట నిత్యకృత్యము అని అచటివారు అనుభవమున గ్రహించిరి.

పుదుచ్చేరియందును ఈ గ్రహింపు ఆలస్యముగా వచ్చినది. 2018లో చెన్నై జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు పట్టణపు ఉత్తర భాగమున, త్రికోణాకారపు ఉక్కు కట్టడమును రాళ్లతో నింపి నీటిక్రింద నిలిపిరి. కరడు దానిపై కొంత బలమును విడిచి మెల్లగా ఒడ్డు చేరును. మెల్లనైన నీరు ఇసుకను దించును. అనతికాలములోనే కొంత మేర ఇసుకతిన్నె మరల కానవచ్చినది. పిల్లలు చాల ఏండ్లకు ఆ ఇసుకపై ఆడిరి. కుట్టుపడవ సరంగువలెనే ఈ కట్టడమును కరడు నెదిరింపక దాని బలమును మలుపుకొనును. తన కొడుకులు ఉత్తరపు వాడలలో పడవను ఏ ఇసుకపైకి ఈడ్తురో అని చూచు జాలరికి, పడవకు కావలసిన ఉపకరణముల పట్టికలో మొదటిది ఇప్పుడు ఆ ఇసుకయే.